ముందు ఎక్కడుందో చెప్పు

తమ్ముడూ,

పెద్దపేగు గోడలోని నాడీకణాల గుంపుల మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. విషయం బాగుంది, కానీ 'రెండో మెదడు' అని మొదలుపెట్టావు చూడు, అది తీసెయ్. అది చదివినవాళ్లు పేగులో ఎక్కడో ముద్దలాంటిదేదో ఉందనుకుంటారు. ఉన్నది గోడంతా పరుచుకున్న వల, దాని ముడుల్లో గుంపులుగా నాడీకణాలు.

పాఠకుణ్ణి లోపలి నుంచి బయటికి తీసుకెళ్లు. ముందు శ్లేష్మపొర, దాని వెనుక సబ్‌మ్యూకోసా అనే పొర, తర్వాత పేగును చుట్టి ఉండే వలయ కండరం, చివర్లో పొడవునా సాగే నిలువు కండరం. రెండు కండరాల మధ్య ఉన్నది ఔర్‌బాక్ వల, కాబట్టి పేగు కదలిక ప్రధానంగా దాని పని. సబ్‌మ్యూకోసాలో ఉన్న వలను జర్మన్ శాస్త్రవేత్త మైస్నర్ 1857లో వర్ణించాడు, అది శ్లేష్మపొరకు దగ్గర కాబట్టి స్రావాలు, రక్తప్రసరణ చూసుకుంటుంది. ఇలా రాస్తే స్థానమే పనిని చెప్పేస్తుంది, నువ్వు విడిగా వివరించక్కర్లేదు. ఇంకోటి, మనిషి సబ్‌మ్యూకోసాలో ఒక్క వల కాదు, శ్లేష్మపొర వైపు ఒకటి, వలయ కండరానికి ఆనుకుని మరొకటి ఉంటాయి. ఎలుకల్లాంటి చిన్న జంతువుల్లో ఒకటే, నువ్వు చూసిన బొమ్మ వాటిదే అయ్యుంటుంది.

హిర్ష్‌స్ప్రంగ్ వ్యాధిని రెండు వాక్యాల్లో ముగించేశావు, నాకు బాధేసింది. అసలు కథంతా అక్కడే ఉంది! పిండంలో ఈ కణాలు ఎక్కువగా మెడ వైపు నుంచి బయలుదేరి పేగు వెంట కిందికి ప్రయాణిస్తాయి, దారిలో ఆగిపోతే పేగు చివరి భాగానికి నాడీకణాల గుంపులే ఉండవు, సుమారు 5,000 మంది శిశువుల్లో ఒకరికి ఇలా జరుగుతుంది. ఆ భాగం వదులవ్వలేక బిగుసుకుపోతుంది, పైనున్న మంచి పేగు మలం నిలిచిపోయి ఉబ్బుతుంది. 1886లో హిర్ష్‌స్ప్రంగ్ ఈ వ్యాధిని వర్ణించినప్పుడు కొట్టొచ్చినట్టు కనిపించింది ఆ ఉబ్బిన భాగమే, లోపం దాని కింద మామూలుగా కనిపించేచోట ఉంది. దీనికి తీరిగ్గా ఒక పేరా ఇవ్వు.

బయాప్సీ, అంటే పేగు నుంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష, దాని గురించిన వాక్యం మాత్రం వెంటనే మార్చు. 'గుంపులు కనిపించకపోతే వ్యాధి ఉన్నట్టే' అన్నావు. మలద్వారానికి కాస్త పైన, ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో కూడా ఇవి చాలా తక్కువగా ఉంటాయి, మరీ కిందనుంచి ముక్క తీస్తే అసలు కనిపించకపోవచ్చు. ముక్కలో సబ్‌మ్యూకోసా సరిపడా రాకపోయినా అంతే. రిపోర్టు చేతిలో పట్టుకుని టెన్షన్‌తో నీ వ్యాసం చదివే తల్లిదండ్రులు ఉంటారు, వాళ్లకు ఈ రెండు సంగతులూ తెలియాలి. అది సరిచేశాకే పంపించు.