ఏడో నెల, కౌంటర్ ఉద్యోగం, చుట్టూ కోవిడ్ కేసులు: మానేయాలా, కొనసాగాలా?

ముందు సూటిగా జవాబు చెప్తాను. ఉద్యోగం ఇప్పుడే మానేయకండి, అలాగని అదే కౌంటర్‌లో కూర్చోనూ వద్దు. పని మార్చమని అడగండి, అదీ నోటిమాటగా కాకుండా రాతపూర్వకంగా. మీరు రాసినదాన్ని బట్టి మీకు ఏడో నెల, రోజంతా జనంతో ముఖాముఖి మాట్లాడే పని, కేసులు మళ్ళీ పెరుగుతున్నాయి, ఇంట్లోవాళ్ళు రాజీనామా చేసెయ్యమంటున్నారు, ఆఫీసులో మాత్రం ఎవరికీ పట్టింపు లేదు, చెకప్‌కి వెళ్ళాలన్నా భయంగా ఉంది. 2021లో నేను కడుపుతో ఉన్నప్పుడు బ్యాంకులో క్యాష్ కౌంటర్ చూసేదాన్ని. అందుకే మీ ప్రశ్న చూడగానే రాయాలనిపించింది. నేను డాక్టర్‌ని కాదు, ఇందులో మందుల సంగతి ఉన్న ప్రతిచోటా మీ డాక్టర్ మాటే ఆఖరి మాట.

మీ భయం ఉత్తిదేం కాదు. గర్భిణులకు ఈ జబ్బు మిగతావాళ్ళకంటే తొందరగా అంటుకుంటుందని కాదు, అంటుకుంటే ముదిరే అవకాశం ఎక్కువ. కడుపు పెరిగేకొద్దీ గర్భసంచి ఊపిరితిత్తుల కింది పొరను పైకి నెడుతుంది, ఊపిరి తీసుకోవడానికి చోటు తగ్గుతుంది, అదే సమయంలో ఒంటికి ఆక్సిజన్ మామూలుకంటే ఎక్కువ కావాలి. దానికితోడు గర్భంలో రక్తం గడ్డకట్టే గుణం పెరుగుతుంది, కోవిడ్ కూడా అదే పని చేస్తుంది. అందుకే ఐసీయూ అవసరం పడటం, నెలలు నిండకుండా కాన్పు కావడం లాంటివి కోవిడ్ వచ్చిన గర్భిణుల్లో ఎక్కువగా కనిపించాయి, ముఖ్యంగా చివరి మూడు నెలల్లో. ఇది కోవిడ్‌తో మొదలైంది కూడా కాదు, 2009లో స్వైన్ ఫ్లూ వచ్చినప్పుడు అమెరికా జనాభాలో గర్భిణులు సుమారు 1 శాతమే అయినా, ఆ ఫ్లూ మరణాల్లో సుమారు 5 శాతం వాళ్ళవే. షుగర్, బీపీ, అధిక బరువు ఉన్నా, వయసు 35 దాటినా ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి. ఇవన్నీ చెప్పాక ఇది కూడా చెప్పాలి, కోవిడ్ వచ్చిన గర్భిణుల్లో ఎక్కువమంది ఇంట్లోనే ఉండి కోలుకున్నారు, పండంటి బిడ్డల్నే కన్నారు.

ఇక ఉద్యోగం. మా కౌంటర్‌కి అద్దం ఉండేది, కింద డబ్బులు ఇచ్చిపుచ్చుకోవడానికి చిన్న సందు. అద్దం వల్ల మాట సరిగ్గా వినపడదు కదా, అందుకని వచ్చినవాళ్ళు మాస్క్ గడ్డం కిందకి లాగి, వంగి, సరిగ్గా ఆ సందు దగ్గర నోరు పెట్టి మాట్లాడేవాళ్ళు. నా ముఖం ఆ సందుకి ఎదురుగా ఉండేది. మాస్క్ పెట్టుకోండి అని ఎంతమందికని చెప్తాం, చెప్తే కొందరు గొడవకి వచ్చేవాళ్ళు. మేనేజర్‌కి చెప్తే "అద్దం ఉందిగా" అన్నారు. అంతకు రెండు వారాల ముందు నుంచీ నేను "సార్, కొంచెం భయంగా ఉంది, ఏదైనా చూడండి" అనే అడుగుతున్నాను, దానికి "చూద్దాం" అనే జవాబు తప్ప ఏమీ రాలేదు. డాక్టర్‌తో ఉత్తరం రాయించుకుని, మెయిల్ పెట్టాకే కదలిక వచ్చింది.

ఆ మెయిల్‌లో ఏం రాయాలో చెప్తాను, ఎందుకంటే అసలు పని అక్కడే జరుగుతుంది. ఎన్నో వారం, డెలివరీ ఎప్పుడు, మీ పనిలో రోజుకి సుమారు ఎంతమందితో ఎంత దగ్గరగా మాట్లాడాల్సి వస్తుంది, గదికి కిటికీలు ఉన్నాయా లేక ఏసీ పెట్టి తలుపులు మూసేస్తారా, ఇవన్నీ రాయండి. తర్వాత మీరే రెండు మూడు దారులు చూపించండి. ఇంటి నుంచి చేయగల పని, లేదంటే లోపలి గదిలో ఫైళ్ళు, ఫోన్లు చూసే పని, అదీ కాకపోతే రద్దీ లేని వేళల్లో ప్రయాణించేలా టైమింగ్స్ మార్పు. ఫలానా తేదీలోపు జవాబివ్వమని మర్యాదగానే అడగండి. డాక్టర్ ఉత్తరంలో "గర్భిణి, విశ్రాంతి అవసరం" అని రాస్తే మాత్రం ఒప్పుకోకండి, దాన్ని చూపించి సెలవు పెట్టుకోమంటారు. "జనంతో ముఖాముఖి లేని పని అయితే చేయవచ్చు" అని స్పష్టంగా రాయించుకోండి. నాకు చివరికి వెనక గదిలో కాగితాలు సరిచూసే పని ఇచ్చారు. నీకిస్తే రేపు అందరూ అడుగుతారు అన్నారు, గర్భిణులైన వాళ్ళందరూ అడగాల్సిందే సార్ అన్నాను.

ఇంకో మాట అంటారు, చూసుకోండి. "మెటర్నిటీ లీవ్ ఇప్పుడే మొదలుపెట్టేయొచ్చుగా" అని చాలా ప్రేమగా చెప్తారు. నాకూ చెప్పారు, నేను ఒప్పుకోలేదు. ఏడో నెలలోనే లీవ్ మొదలుపెడితే బిడ్డకి ఇంకా మెడ కూడా నిలవకముందే మీరు ఆఫీసులో ఉంటారు. పని ప్రమాదకరంగా ఉంటే పనిని మార్చాలి కానీ బిడ్డకోసం ఉన్న సెలవును ఖర్చుపెట్టించకూడదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2000లో చేసిన 183వ ఒప్పందం కనీసం 14 వారాల ప్రసూతి సెలవు ఉండాలని చెప్తుంది, తల్లికో బిడ్డకో హాని చేస్తుందని తేలిన పని గర్భిణితో బలవంతంగా చేయించకూడదనీ చెప్తుంది. అన్ని దేశాలూ దాన్ని ఆమోదించలేదు, కాబట్టి మీ దగ్గరి చట్టం, మీ కంపెనీ రూల్స్ ఒకసారి చదవండి. రాజీనామా వద్దని నేను గట్టిగా అనడానికి కారణం కూడా ఇదే, చాలాచోట్ల ప్రసూతి జీతం, ఇన్సూరెన్స్ ఉద్యోగంతోనే ముడిపడి ఉంటాయి, కాన్పుకి రెండు నెలల ముందు రెండూ పోగొట్టుకోవడం మంచిది కాదు. ఏ మార్పుకీ ఒప్పుకోకపోతే, డాక్టర్ కూడా వెళ్ళొద్దంటే అప్పుడు జీతం లేని సెలవైనా అడగండి, రాజీనామా అన్నిటికంటే ఆఖరున.

పని మారేదాకా వెళ్ళక తప్పదు కాబట్టి ఇవి చూసుకోండి. ముఖానికి బాగా అతుక్కునే ఎన్95 లాంటి మాస్క్ పెట్టుకోండి, దానివల్ల బిడ్డకి ఆక్సిజన్ తగ్గుతుందన్నది అపోహ. ఊపిరాడనట్టు అనిపిస్తే జనం లేనిచోట కాసేపు తీసి కూర్చోండి. వైరస్ గాల్లో తేలుతూ ఉంటుంది కాబట్టి బల్లలు తుడవడం కంటే కిటికీలు తెరవడం ముఖ్యం. ఆఫీసులో అందరూ జాగ్రత్తగా ఉండి కూడా అంటించుకునేది భోజనాల దగ్గర, మాస్కులన్నీ తీసి చిన్న గదిలో ఒకే బల్ల చుట్టూ కబుర్లు చెప్పుకుంటూ. నేను అందరూ తినేశాక కిటికీ పక్కన ఒక్కదాన్నే తినేదాన్ని, మొదట్లో నొచ్చుకున్నారు, తర్వాత అలవాటైపోయింది. ఫ్లోర్ తుడిచే ఘాటైన బ్లీచింగ్ వాసన ఉన్న గదిలో కూర్చోకండి, చేతులకి శానిటైజర్ మాత్రం నిశ్చింతగా వాడుకోవచ్చు.

నీళ్ళ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని ఎవరూ పట్టించుకోరు. అందరూ వాడే టాయిలెట్‌కి వెళ్ళాల్సి వస్తుందని, మాస్క్ తీయాల్సి వస్తుందని ఆడవాళ్ళం పొద్దుట్నుంచి సాయంత్రం దాకా నీళ్ళు తాగడమే మానేస్తాం. గర్భంలో అది చాలా చేటు చేస్తుంది, మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తే నొప్పులు ముందే మొదలయ్యే ప్రమాదం ఉంది, ఒంట్లో నీళ్ళు తగ్గి గంటలకొద్దీ కదలకుండా కూర్చుంటే కాళ్ళలో రక్తం గడ్డకట్టే ముప్పూ ఉంది. టాయిలెట్‌లోకి మాస్క్‌తో వెళ్ళి, వచ్చాక చేతులు కడుక్కుంటే చాలు. నీళ్ళు తాగండి, గంటకోసారి లేచి నాలుగడుగులు నడవండి. ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పెడితే ఆ రోజే డాక్టర్‌కి చూపించాలి.

చెకప్‌లు మాత్రం దయచేసి మానకండి. ఫోన్లో అయ్యేవి ఫోన్లో చేసుకోండి, కానీ స్కాన్లు, రక్తపరీక్షలు, 24 నుంచి 28 వారాల మధ్య చేసే షుగర్ పరీక్ష, బీపీ ఇవి వీడియో కాల్‌లో కావు. ఎనిమిదో నెలలో నాకు ఒంట్లో ఏ తేడా లేదు, చెకప్‌కి వెళ్తే బీపీ పెరిగిందని తెలిసింది. ఆ వారం కేసులు ఎక్కువగా ఉన్నాయి, వచ్చేవారం వెళ్దువులే అని ఇంట్లో అన్నారు, అయినా వెళ్ళాను, అందుకే మందులు సమయానికి మొదలయ్యాయి. అప్పాయింట్‌మెంట్ పొద్దున్నే మొదటిది అడగండి, మీ వంతు వచ్చేదాకా బయట గాలిలో ఉండి ఫోన్ చేయమనండి, చాలామంది ఒప్పుకుంటారు. వీలైతే ఇంట్లో ఒక బీపీ మెషిన్ పెట్టుకోండి. ఐదు నిమిషాలు కుదురుగా కూర్చున్నాక, వీపుకి ఆసరా ఇచ్చి, కాళ్ళు నేలమీద ఆనించి, చెయ్యి గుండె ఎత్తులో పెట్టి చూడాలి. 140/90 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే ఫోన్ చేయండి. తగ్గని తలనొప్పి, కళ్ళు మసకలు, ముఖం చేతులు ఉన్నట్టుండి వాయడం, పక్కటెముకల కింద కుడివైపు నొప్పి, రక్తస్రావం, ఉమ్మనీరు పోవడం ఉంటే, లేదా బిడ్డ కదలికలు ఎప్పుడూ ఉండేదానికంటే తగ్గాయనిపిస్తే కోవిడ్ భయం పక్కనపెట్టి వెంటనే హాస్పిటల్‌కి వెళ్ళండి. రాత్రయినా సరే.

టీకా వేయించుకోండి. మొదట్లో ట్రయల్స్‌లో గర్భిణుల్ని చేర్చుకోలేదు, అందుకే అప్పట్లో అంత అనుమానం. ఆ తర్వాత ఎన్నో దేశాల్లో చాలా పెద్ద సంఖ్యలో గర్భిణులు వేయించుకున్నారు, గర్భస్రావాలు పెరగలేదు, తీవ్రమైన జబ్బు మాత్రం బాగా తగ్గింది. తల్లిలో తయారైన యాంటీబాడీలు మాయ ద్వారా బిడ్డకీ చేరతాయి. నాకు చెయ్యి నొప్పి, ఒకరోజు జ్వరం వచ్చాయి, డాక్టర్ చెప్పిన పారాసెటమాల్ వేసుకున్నాను, తగ్గింది. మీతోపాటు ఇంట్లోవాళ్ళందరూ వేయించుకోవాలి, మీరెంత జాగ్రత్తగా ఉన్నా బయట తిరిగి వచ్చేవాళ్ళ నుంచి రావచ్చు. ఫ్లూ టీకా సంగతి కూడా అడగండి.

ఒకవేళ కోవిడ్ వస్తే కంగారుపడకండి, ముందు డాక్టర్‌కి ఫోన్ చేసి గర్భిణినని, ఎన్నో వారమో చెప్పండి. జ్వరం 38 డిగ్రీలు, అంటే 100.4 ఫారెన్‌హీట్ దాటితే తగ్గించుకోవాలి, దానికి పారాసెటమాల్ వాడొచ్చు. ఐబుప్రొఫెన్ లాంటివి మాత్రం మీ అంతట మీరు వేసుకోకండి, 20 వారాలు దాటాక అవి బిడ్డ కిడ్నీల మీద ప్రభావం చూపుతాయి. వాట్సాప్‌లో తిరిగే మందుల చీటీలు చూసి స్టెరాయిడ్లు, యాంటీబయాటిక్స్ అసలే వద్దు. వేలికి పెట్టే ఆక్సీమీటర్‌తో రోజుకి రెండు మూడుసార్లు చూసుకోండి, గోళ్ళరంగు తీసేసి, చెయ్యి వెచ్చగా ఉన్నప్పుడు. 95 కంటే తగ్గినా, మాట్లాడుతుంటే ఆయాసం వచ్చినా, ఛాతీ నొప్పి ఉన్నా ఇంట్లో ఉండకూడదు, హాస్పిటల్‌కి వెళ్ళాలి. అక్కడ ఛాతీ ఎక్స్‌రే కావాలంటే భయపడి వద్దనకండి, కడుపులో బిడ్డకి చేరే రేడియేషన్ చాలా తక్కువ. పాజిటివ్ అయినంత మాత్రాన సిజేరియన్ చేయాలని కూడా లేదు.

రాత్రుళ్ళు నిద్రపట్టట్లేదని రాశారు కదా, కేసుల లెక్కలు రోజుకి ఒక్కసారి చూసి ఆపేయండి, పడుకునే ముందు అసలు చూడొద్దు. టెన్షన్ అందరికీ ఉంటుంది, కానీ రెండు వారాలకి పైగా ఏడుపు, దిగులు, దేనిమీదా మనసు లేకపోవడం ఉంటే అది కూడా డాక్టర్‌కి చెప్పాల్సిన విషయమే.

చివర్లో పాల గురించి అడిగారు. కాన్పు సమయానికి మీకు కోవిడ్ ఉన్నా పాలు ఇవ్వొచ్చు, ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా తల్లీబిడ్డల్ని వేరు చేయొద్దనే చెప్పింది. చేతులు సబ్బుతో కడుక్కుని, మాస్క్ పెట్టుకుని ఇవ్వండి. బిడ్డ ముఖానికి మాత్రం మాస్క్ గానీ షీల్డ్ గానీ పెట్టకూడదు. మీకు లేవలేనంత నీరసంగా ఉంటే పాలు పిండి ఇస్తే ఇంకొకరు పట్టిస్తారు. హాస్పిటల్‌లో తోడుగా ఎంతమందిని రానిస్తారో ఇప్పుడే కనుక్కోండి, ఆ మనిషికి చివరి నిమిషంలో పాజిటివ్ వస్తే ఎవరు రావాలో కూడా అనుకుని పెట్టుకోండి.