హెచ్‌ఐవీ ఉన్నవారికి మింగుడు నొప్పి తగ్గకపోతే ఎండోస్కోపీ, బయాప్సీ ఎందుకు?

హెచ్‌ఐవీ ఉన్న మీ అన్నయ్య గారు ఫ్లూకోనజోల్ అనే ఫంగస్ మందు రెండు వారాలు వాడినా మింగేటప్పుడు నొప్పి తగ్గలేదని, ఇప్పుడు డాక్టరు గారు ఎండోస్కోపీ (నోటి ద్వారా గొట్టం దింపి లోపల చూసే పరీక్ష) చేసి, పరీక్షకు చిన్న ముక్క తీయాలంటున్నారని (దీన్నే బయాప్సీ అంటారు), అది క్యాన్సర్ అనుమానంతోనేనా అని మీరు అడిగారు. నేను వైద్యుణ్ణి కాను, హెచ్‌ఐవీతో చాలా ఏళ్లుగా ఏఆర్‌టీ మందులు (హెచ్‌ఐవీని అదుపులో ఉంచే మాత్రలు) వాడుతున్నవాణ్ణి. సీడీ4 (రోగనిరోధక కణాల సంఖ్య) బాగా పడిపోయి ఉన్న రోజుల్లో ఇదే పరీక్ష చేయించుకున్నాను.

ముక్క తీస్తున్నారంటే క్యాన్సర్ అని భయపడనక్కరలేదు. సీడీ4 తక్కువగా ఉన్నవారిలో అన్నవాహికకు ఎక్కువగా వచ్చేది క్యాండిడా అనే ఫంగస్ కాబట్టి, వైద్యులు సాధారణంగా ఎండోస్కోపీ లేకుండానే ఫ్లూకోనజోల్ మొదలుపెడతారు. అది పనిచేసేదైతే వారం లోపే మార్పు కనిపిస్తుంది. కనిపించనప్పుడు సైటోమెగలో వైరస్ (సీఎంవీ) పుండ్లు, హెర్పిస్ పుండ్లు, ఏ క్రిమీ దొరకని పుండ్లు, మందుకు లొంగని ఫంగస్ వంటివి వరుసలోకి వస్తాయి. వీటన్నిటిలోనూ నొప్పి ఒకేలా ఉంటుంది, తెరమీద చూసి కచ్చితంగా విడదీయడం కష్టం, మందులు మాత్రం పూర్తిగా వేరు: సీఎంవీకి గాన్‌సైక్లోవిర్, హెర్పిస్‌కు ఎసైక్లోవిర్, క్రిమి లేని పుండుకు స్టెరాయిడ్. రెండు జబ్బులు కలిసి ఉండటం కూడా అరుదు కాదు. సీఎంవీ ఆనవాళ్లు పుండు అడుగు భాగంలోనూ, హెర్పిస్ ఆనవాళ్లు అంచుల్లోనూ దొరుకుతాయి కనుక ఒకటికి నాలుగు ముక్కలు తీస్తే కంగారు పడకండి. నా విషయంలో తెల్లటి పొర మందులతో పోయింది గాని, దాని కింద వెడల్పాటి పుండు బయటపడింది; అది సీఎంవీ అని తేల్చింది ముక్క పరీక్షే.

పరీక్షకు ముందు ఆరు నుంచి ఎనిమిది గంటలు ఏమీ తినకూడదు. గొంతులో లిగ్నోకైన్ స్ప్రే కొట్టి, ఎడమ పక్కకు పడుకోబెట్టి, పళ్ల మధ్య ప్లాస్టిక్ రింగు పెడతారు. గొట్టం గొంతు దాటేటప్పుడు డోకు వస్తుంది, కళ్లు నీళ్లు కారతాయి. ముక్క తీయడం మాత్రం నాకు తెలియనే లేదు. మత్తు ఇంజెక్షన్ ఇస్తామంటే మీ అన్నయ్య గారు వాడుతున్న ఏఆర్‌టీ మాత్రల పేర్లు తప్పక చెప్పండి. రిటోనవిర్ ఉన్న మందులు వాడేవారిలో మిడజోలం అనే ఇంజెక్షన్ మత్తు చాలాసేపు దిగదు, ఊపిరి మందగించే ప్రమాదం కూడా ఉంది. డోలుటెగ్రావిర్ కలిసిన మాత్రకు ఆ ఇబ్బంది లేదు.

ముక్కను సాధారణంగా ఫార్మలిన్ (ముక్క పాడవకుండా ఉంచే ద్రావణం) సీసాలో వేస్తారు. అయితే ఫార్మలిన్‌లో క్రిములు చనిపోతాయి కనుక టీబీ కల్చర్‌కు (క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్షకు) ఆ సీసా పనికిరాదు. విడిగా మరో ముక్కను సెలైన్‌లో వేసి పంపాలి. మన దగ్గర, ముఖ్యంగా పేగుల్లో తేడా ఉన్నప్పుడు, టీబీ అనుమానం ఎప్పుడూ ఉండేదే కాబట్టి, గది లోపలికి వెళ్లకముందే ఈ సంగతి అడగండి. చాలా చోట్ల సీసాను ల్యాబ్‌కు మోసుకెళ్లేది మనవాళ్లే. సీసా మీద పేరు, ముక్క ఎక్కడిదో రాశారా అని అక్కడే చూసుకోండి.

నేను మొదట వెళ్లిన ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నా పేరును జాబితా చివరికి నెట్టి, ‘కిట్’ పేరుతో అదనపు సొమ్ము అడిగారు. గొట్టాన్ని ఎవరికి వాడినా ప్రతిసారీ బ్రష్‌తో కడిగి గ్లూటరాల్డిహైడ్ వంటి ద్రావణంలో నానబెట్టాల్సిందే, దానితో హెచ్‌ఐవీ నశిస్తుంది. మనకంటూ వేరే విధానం అవసరం లేదు. 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం వైద్యం నిరాకరించడం, వైద్యంలో అన్యాయంగా చూడటం నిషేధం. అలాంటిది ఎదురైతే ఏఆర్‌టీ సెంటర్ కౌన్సిలర్‌కు చెప్పండి, లేదా హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097 కు ఫోన్ చేయండి.

పరీక్ష తర్వాత గ్యాస్ సిరప్ గాని, సుక్రాల్‌ఫేట్ గాని రాస్తే, డోలుటెగ్రావిర్ మాత్రను వాటికి రెండు గంటల ముందో, ఆరు గంటల తర్వాతో వేసుకోవాలి. కలిపి వేసుకుంటే మాత్ర ఒంటికి సరిగా పట్టదు. రిపోర్టును ఏఆర్‌టీ సెంటర్‌లో కూడా చూపించండి. సీఎంవీ అని తేలితే కంటి డాక్టరు చేత రెటీనా చూపించమని మీరే అడగండి, ఎందుకంటే అదే వైరస్ కంటిని కూడా పట్టి, తొలి రోజుల్లో ఏ బాధా లేకుండానే చూపును తినేస్తుంది.