కిట్టూకి, జోకుల విషయమై

ఒరేయ్ కిట్టూ,

నువ్వు పంపిన జోకులన్నీ చదివాను. "నెట్‌లో పెట్టేముందు ఒకసారి చూడత్తా, ఎవరైనా మీద పడతారేమో" అన్నావు. పడేవాళ్లు ఎలాగూ పడతారు, వాళ్ల సంగతి తర్వాత చెప్తాను. ముందు జోకుల సంగతి. సగం బాగా కష్టపడి రాశావు, చిక్కేంటంటే ఆ కష్టం పైకి కనపడిపోతోంది. టెక్నాలజీ, రాజకీయం, చట్టం, మతం, ఈ నాలుగింటి మీద వ్యంగ్యం రాసేవాడికి కల్పించాల్సిన పని చాలా తక్కువ. జరిగినదాన్ని సరిగ్గా పట్టుకుని, ముఖం కదపకుండా చెప్తే చాలు.

చూడు, 1897లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో ఓ డాక్టరుగారు వృత్తాన్ని అంతే వైశాల్యమున్న చతురస్రంగా మార్చే పద్ధతి కనిపెట్టానంటే దాన్ని బిల్లుగా పెట్టారు. ఆ లెక్క ప్రకారం పోతే 3.14 చిల్లర ఉండాల్సిన π (పై) విలువ 3.2 అని తేలుతుంది. అక్కడి ప్రతినిధుల సభ 67-0 ఓట్లతో పాస్ చేసేసింది, వృత్తం తరఫున ప్రతిపక్షం కూడా లేదన్నమాట. వేరే పని మీద అటుగా వచ్చిన ఓ లెక్కల ప్రొఫెసర్ సెనేటర్లకు విషయం చెప్పబట్టి అది సెనేట్‌లో ఆగిపోయింది. సరిగ్గా 120 ఏళ్ల తర్వాత, 2017లో, ఎన్‌క్రిప్షన్, అంటే మెసేజీలకి లెక్కలతో తాళం వేసి దాచడం, దాని మీద చట్టం తెస్తామంటున్న ఆస్ట్రేలియా ప్రధాని మాల్కమ్ టర్న్‌బుల్‌ని విలేకరులు "మరి గణిత సూత్రాలు ఒప్పుకోవు కదా" అని అడిగారు. గణిత సూత్రాలు మెచ్చుకోదగ్గవే కానీ ఆస్ట్రేలియాలో చెల్లేది ఆస్ట్రేలియా చట్టం ఒక్కటే అన్నాడాయన. ఈ రెండూ పక్కపక్కన పెట్టి, సంవత్సరాలు వేసి, ఊరుకో. "మన నాయకులకి లెక్కలు రావు ఫ్రెండ్స్" అని కింద ఇంకో వాక్యం తగిలించావా, చదివేవాడికి నవ్వుకునే అవకాశం లేకుండా వాడి నవ్వు కూడా నువ్వే నవ్వేసినట్టు ఉంటుంది.

టర్మ్స్ అండ్ కండిషన్స్ మీద నువ్వు రాసింది కూడా ఇంతే. "అవి పూర్తిగా చదివేది పైనున్న దేవుడొక్కడే" అన్నావు, ఫరవాలేదు, కానీ నిజం దానికంటే బాగుంది. 2010 ఏప్రిల్ 1న గేమ్‌స్టేషన్ అని బ్రిటన్‌లో వీడియో గేములు అమ్మే కంపెనీ తన షరతుల్లో ఒక క్లాజు చేర్చింది, కొనేవాడి అమర ఆత్మ మీద ఇప్పుడూ ఎప్పటికీ హక్కు మాదే అని. వద్దనుకునేవాళ్లు టిక్ పెట్టడానికి ఒక పెట్టె కూడా ఇచ్చారు, టిక్ పెడితే 5 పౌండ్ల వోచర్ ఫ్రీ. అయినా దాదాపు 7,500 మంది ఆత్మలు ఇచ్చేసి గేములు పట్టుకెళ్లారు. ఆ హక్కుని వాడుకోబోమని కంపెనీ తర్వాత ప్రకటించింది లే. టెక్నాలజీ, చట్టం, మతం మూడూ ఒకే టిక్ దగ్గర కలిశాయి, నువ్వు వారం కూర్చున్నా ఇంతకంటే మంచిది తట్టదు.

ముఖం కదపకుండా చెప్పడం అన్నాను కదా, అది ఇంజినీర్లని చూసి నేర్చుకో. ఇంటర్నెట్ ఎలా పనిచెయ్యాలో చెప్పే ప్రమాణాలు చాలావరకు ఆర్‌ఎఫ్‌సీ అనే పత్రాల్లో రాస్తారు, చదివితే నిద్రొస్తుంది. 1990 ఏప్రిల్ 1న అదే నిద్రొచ్చే భాషలో, పావురాల కాళ్లకి కాగితాలు కట్టి డేటా పంపడం ఎలా అని ఒక ఆర్‌ఎఫ్‌సీ వచ్చింది, నంబరు 1149. అందులో ఎక్కడా కన్ను కొట్టలేదు, అదీ దాని గొప్ప. 2001లో నార్వేలోని బెర్గెన్‌లో లినక్స్ అనే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ల సంఘం వాళ్లు నిజంగానే పావురాలు తెచ్చి చేసి చూశారు. తొమ్మిది ప్యాకెట్లు పంపితే నాలుగింటికి జవాబు వచ్చింది, అన్నిటికంటే త్వరగా వచ్చిన జవాబుకి 53 నిమిషాలు పట్టింది. కొన్ని ఆఫీసుల ఈమెయిల్ కంటే నయం.

ఇప్పుడు నీ ఎమోజీల గురించి. ఒక్కో జోకు చివర మూడేసి నవ్వు బొమ్మలు, పైగా "జస్ట్ జోకింగ్". ఎందుకు పెడుతున్నావో తెలుసు, రాతలో గొంతు వినపడదు, వెటకారం ఏదో నిజం ఏదో తేలదని టెన్షన్. ఆ టెన్షన్ చాలా పాతది. 1982లో అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో ఎవరో లిఫ్టులో పాదరసం ఒలికిందని కంప్యూటర్ నోటీసు బోర్డులో సరదాకి రాస్తే కొందరు నిజం హెచ్చరిక అనుకున్నారు. ఆ గొడవలోంచే సెప్టెంబర్ 19న అక్కడి కంప్యూటర్ సైంటిస్టు స్కాట్ ఫాల్‌మన్ ఒక సలహా ఇచ్చాడు, జోకు అయితే కోలన్, గీత, బ్రాకెట్ పెట్టండి అని. మన పచ్చ ముఖాలన్నిటికీ తాత అదే. తర్వాత 2005లో నేథన్ పో అనే ఆయన, నవ్వు బొమ్మ లేకపోతే జీవులన్నిటినీ దేవుడే సృష్టించాడనే వాదాన్ని ఎంత వెక్కిరించినా నిజమనుకునేవాడు ఒకడుంటాడని రాశాడు, దాన్ని పో సూత్రం అంటున్నారు. కాబట్టి బొమ్మ పెట్టడం తప్పనను. కానీ బొమ్మ లేకుండా జోకు నిలబడకపోతే మార్చాల్సింది జోకుని.

బొమ్మ పెట్టినా కాపాడని చోటు ఒకటుంది, బెదిరింపు. 2010 జనవరిలో మంచు పడి బ్రిటన్‌లో ఒక ఎయిర్‌పోర్టు మూసేస్తే, ప్రయాణం పాడవుతుందన్న చిరాకులో ఒకతను దాన్ని పేల్చేస్తానని ట్వీట్ చేశాడు. ఎవరూ భయపడలేదు, ఎయిర్‌పోర్టు వాళ్లు కూడా. అయినా అరెస్టు, జరిమానా, ఉద్యోగం ఊడటం అన్నీ అయ్యాయి. హైకోర్టు ఆ శిక్ష కొట్టేసేసరికి 2012 జూలై వచ్చింది. మన దగ్గర ఆన్‌లైన్‌లో అభ్యంతరకరంగా రాస్తే శిక్ష వేసే ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ని సుప్రీంకోర్టు 2015లో కొట్టేసింది నిజమే, అంతమాత్రాన చట్టాలన్నీ నిద్రపోయాయనుకోకు. పేలుడు, చంపడం, తగలబెట్టడం, ఈ మాటలు ఎంత నవ్వుకైనా వద్దు. నాయకుడి గురించి "ఇతను డబ్బు తిన్నాడు" అని రాసి చివర నవ్వు బొమ్మ పెడితే ఆరోపణ జోకైపోదు. తిన్నట్టు కోర్టు తేల్చిందా, తీర్పు పేరు రాయి. తేల్చలేదా, ఆయన అందరిముందూ అన్న మాటల్నే ఆయనకి అప్పజెప్పు.

మతం దగ్గర నీకు కొంచెం తడబాటుంది. భక్తుణ్ణి వెక్కిరిస్తున్నావు. భక్తుడికి నీ మీద ఏ అధికారమూ లేదు కదరా, వాణ్ణి ఎందుకు కెలకడం? 2005లో బాబీ హెండర్సన్ అనే ఆయన అమెరికాలోని కాన్సాస్ రాష్ట్ర విద్యా బోర్డుకి రాసిన ఉత్తరం చూడు. సైన్సు క్లాసులో జీవపరిణామంతో పాటు సృష్టికర్త వాదం కూడా చెప్పాలనే చర్చ నడుస్తోంది అప్పుడు. అయితే సేమ్యాలాంటి నూడుల్స్‌తో చేసిన, గాల్లో ఎగిరే మా దేవుడి వాదానికి కూడా సమానంగా టైమివ్వండి అని వినయంగా అడిగాడు. దెబ్బ బోర్డు తర్కానికి తగిలింది, గుడికో చర్చికో వెళ్లేవాడికి కాదు. 2011లో ఆస్ట్రియాలో ఆ ఉత్తరంలోంచి పుట్టిన ఈ వెటకారపు నూడుల్స్ మతం వాడొకడు నెత్తిన చిల్లుల గిన్నె పెట్టుకుని దిగిన ఫొటోతో డ్రైవింగ్ లైసెన్సు తీసుకున్నాడు. అధికారులు మాత్రం ముఖం పూర్తిగా కనపడుతోంది కాబట్టి ఇచ్చాం, మతం వల్ల కాదు అన్నారు. ఆ వివరణే జోకులో బెస్ట్ లైను.

భక్తి మీదే రాయాలని మరీ చెయ్యి దురదగా ఉంటే ఫోన్ కంపెనీల భక్తులున్నారు, వాళ్ల మీద రాయి. ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉద్యమం పెట్టిన రిచర్డ్ స్టాల్‌మన్ పాత డిస్క్ పళ్లేన్ని తల వెనక ప్రభామండలంలా పెట్టుకుని, తను రాసిన ఈమాక్స్ అనే ఎడిటర్ ప్రోగ్రామ్ పేరు మీద, తానే ఈమాక్స్ చర్చి సెయింట్‌నని సభల్లో దీవెనలిచ్చేవాడు. తనని తాను వెక్కిరించుకున్నవాడికి ఎదుటివాణ్ణి అనే హక్కు కాస్త ఎక్కువే ఉంటుంది.

రాజకీయం గురించి ఒక్కటే చెప్తాను. అన్ని పార్టీలనీ సమానంగా తిట్టాలని తూకం పెట్టుకోకు, అది ఇంకా విసుగు. రాశాక పార్టీ పేరు తీసేసి చదువు. అప్పటికీ నవ్వొస్తే అది అధికారం మీద జోకు, పదేళ్లైనా పనికొస్తుంది. రాకపోతే నినాదం. పేరు తీసేస్తే ఇంకో లాభం, గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునేవాళ్లు వాళ్లంతట వాళ్లే కామెంట్లలోకి వచ్చి చెప్తారు ఎవరి గురించో.

వాళ్లకి జవాబులివ్వకు. ఒక్కటి, మహా అయితే రెండు. జోకుని విడమర్చి చెప్పడం మొదలుపెట్టావంటే అక్కడితో సరి. హిట్లర్ పేరొచ్చిందా, ఫోన్ పక్కన పెట్టి నీళ్లు తాగు. వాదన సాగేకొద్దీ హిట్లర్ పోలిక తప్పదని మైక్ గాడ్విన్ అనే ఆయన 1990లోనే చెప్పాడు, నువ్వేమీ కొత్తగా నిరూపించక్కర్లేదు. తేదీయో పేరో తప్పు రాశావని ఎవరైనా చూపిస్తే మాత్రం దిద్ది, దిద్దానని రాయి. చడీచప్పుడు లేకుండా తీసేస్తే స్క్రీన్‌షాట్ పెట్టుకున్నవాడు పండగ చేసుకుంటాడు.

ఇక నువ్వు పంపినవాటిలో తేలినవి: "దేవుడికీ కస్టమర్ కేర్‌కీ తేడా ఏంటంటే, మీ కాల్ మాకు చాలా ముఖ్యం అని దేవుడు అబద్ధం చెప్పడు" అన్నది అక్షరం మార్చకుండా పెట్టెయ్, బొమ్మలు తీసేసి. "అప్‌డేట్ వచ్చింది, ఉన్న ఫీచరు పోయింది, ప్రభుత్వం మారినట్టుంది" కూడా బాగుంది, దాని కింద రాసిన నాలుగు లైన్ల వివరణ కొట్టెయ్. లాయర్ల మీద రాసింది నాకు మళ్లీ పంపు, రెండో వాక్యం తీస్తే బతుకుతుందేమో చూస్తాను. ఆ పూజారి ఫొటో జోకు వద్దు, ఆయన ఎవరో నీకు తెలీదు, ఆయనకి నువ్వెవరో తెలీదు. ఇవేవీ ఫ్యామిలీ గ్రూపులో మాత్రం పెట్టకు, మీ బాబాయి తన పేరు కింద రాసుకుని నాకే ఫార్వర్డ్ చేస్తాడు.

ఉంటాను,
అత్తయ్య