నాన్నగారికి పిలుపులు తగ్గాయి, నేనూ వక్తనే అవ్వాలా?

ప్రశ్న: మా నాన్నగారు పన్నెండేళ్లుగా కంపెనీల్లో, కాలేజీల్లో వ్యక్తిత్వ వికాసం మీద ఉపన్యాసాలు ఇస్తున్నారు. ఇల్లు గడిచేది దానితోనే. 2020 నుంచి పిలుపులు బాగా తగ్గాయి. నేను డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నాను. నాకూ మైకు పట్టుకోవడమంటే ఇష్టం. అమ్మ మాత్రం టెన్షన్ పడుతోంది. ఈ వృత్తిని నమ్ముకోవచ్చా?

జవాబు: అమ్మగారి టెన్షన్‌లో అర్థం ఉంది. అయితే నా అంచనాలో గిరాకీ పడిపోయింది ఉపన్యాసాలన్నిటికీ కాదు, ఎక్కడ విన్నా ఒకేలా ఉండేవాటికి. 'లక్ష్యం పెట్టుకోండి, ఓటమికి భయపడకండి' లాంటి ప్రసంగాలు ఫోన్‌లోనే ఉచితంగా దొరుకుతున్నాయి. చిన్న ప్రసంగాల సభలు నడిపే టెడ్ సంస్థ తన ప్రసంగాలను ఇంటర్నెట్‌లో పెట్టడం మొదలుపెట్టింది 2006లో. 2020లో సభలు ఆగిపోయి అందరూ తెర ముందుకు చేరారు. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక అలాంటి ప్రసంగాన్ని ఎవరైనా నిమిషంలో రాయించుకోవచ్చు.

ఉచితంగా దొరకనిది ఒకటుంది. ఎదురుగా కూర్చున్న వాళ్ల సంగతి తెలుసుకుని చెప్పే మాట. ఒక ఆసుపత్రి వాళ్లు నర్సులకు 'ఒత్తిడి' మీద మాట్లాడమని పిలిచారనుకుందాం. పాత పద్ధతిలో అయితే నాన్నగారు తన దగ్గరున్న స్లైడ్లు తీసుకుని వెళ్తారు. అలా కాకుండా వారం ముందే ముగ్గురు నర్సులతో ఫోన్‌లో పావుగంట చొప్పున మాట్లాడితే, గొడవలన్నీ డ్యూటీ మారేటప్పుడు, ఏ రోగికి ఏం ఇచ్చారో సరిగ్గా అప్పజెప్పకపోవడం వల్ల వస్తున్నాయని తెలియవచ్చు. ఇక ఉపన్యాసం ఆ పది నిమిషాల అప్పగింత గురించే ఉంటుంది. తర్వాత చిన్న బృందాలతో సాధన చేయించవచ్చు, నెల తిరిగాక ఆన్‌లైన్‌లో ఒక గంట కూర్చుని ఏం మారిందో అడగవచ్చు. ఒక్క పిలుపు మూడు పనులైంది. పారితోషికం కూడా గంటకు ఇంత అని కాకుండా మొత్తం పనికి మాట్లాడుకోవచ్చు.

అందుకే నాన్నగారు అన్ని అంశాలూ వదిలేసి, ఒకటి రెండు రంగాల వాళ్లకే పరిమితమైతే మంచిదంటాను. మొదట్లో ఇది నష్టంలా కనిపిస్తుంది, ఇంట్లో వాదన కూడా జరుగుతుంది. జరగనివ్వండి.

ఆన్‌లైన్ విషయంలో చాలామంది సీనియర్లు చేసే పొరపాటు, వేదిక మీది గంట ప్రసంగాన్నే కెమెరా ముందు అప్పజెప్పడం. సభలో జనం ముఖాలు చూసి వేగం మార్చుకుంటాం. తెర మీద సగం మంది కెమెరాలు ఆపేసి ఉంటారు. కాబట్టి ఎనిమిది పది నిమిషాలకోసారి ఒక ప్రశ్నో, చిన్న ఓటింగో పెట్టి, వచ్చిన జవాబును పట్టుకుని ముందుకు వెళ్లాలి. ఖరీదైన కెమెరా కంటే ముందు మంచి మైకు కొనాలి. బొమ్మ కాస్త మసకగా ఉన్నా ఓర్చుకుంటారు, మాట తెగిపోతే మాత్రం వెళ్లిపోతారు.

నోటి మాట మీద ఒప్పుకునే రోజులు కూడా పోయాయి. అడ్వాన్సు ఎంత, సభ రద్దయితే ఏమిటి అన్నవి ఎలాగూ రాసుకుంటారు. మరిచిపోయేది రికార్డింగ్ సంగతి. ఒకసారి తీసిన వీడియోను కొత్త ఉద్యోగులందరికీ ఏళ్ల తరబడి చూపిస్తూ పోతే, మళ్లీ పిలవాల్సిన పనేముంది? ఎవరికి, ఎన్నాళ్లు చూపించవచ్చో కాగితం మీద ఉండాలి. నాన్నగారి గొంతును కృత్రిమంగా తయారు చేసి వాడకూడదన్న వాక్యం కూడా ఇప్పుడు అవసరమే.

ఇక మీ సంగతి. డిగ్రీ అవ్వగానే విజిటింగ్ కార్డు మీద 'అంతర్జాతీయ వక్త' అని వేయించుకునే వాళ్లను చాలామందిని చూశాను, కార్డులు అయిపోయేలోపే ఉత్సాహం అయిపోయింది. మార్క్ ట్వైన్ 1895లో అప్పులు తీర్చడానికి ప్రపంచమంతా తిరిగి ఉపన్యాసాలు ఇచ్చాడు, తీర్చేశాడు కూడా. జనం టికెట్టు కొన్నది అప్పటికే అతను పేరున్న రచయిత కాబట్టి. మీరూ మూడు నాలుగేళ్లు ఏదైనా రంగంలో ఉద్యోగం చేయండి. అమ్మకాలో, ఆరోగ్యమో, సాఫ్ట్‌వేరో, మీ చదువుకు తగ్గది. మాట్లాడే సాధనకు టోస్ట్‌మాస్టర్స్ లాంటి క్లబ్బులున్నాయి, 1924 నుంచీ నడుస్తున్నది అది. అక్కడ భయం పోతుంది, మన తప్పులు ఎత్తి చూపేవాళ్లు దొరుకుతారు. సంపాదన కోసం మాత్రం అక్కడికి వెళ్లకండి.

ఈలోగా సెలవుల్లో నాన్నగారికి సాయం చేయండి. ఉపన్యాసం అయ్యాక ఎవరో ఒకరు పక్కకు పిలిచి, నలుగురిలో అడగలేని ప్రశ్న అడుగుతారు కదా. పన్నెండేళ్లలో అలా విన్నవాటిలో గుర్తున్నవన్నీ ఆయన చెబుతుంటే మీరు రాయండి. ఏ రంగం వాళ్లు ఏ ప్రశ్న పదేపదే అడిగారో లెక్క వేయండి. కొత్త స్లైడ్ల మాట ఆ కాగితాలు చూశాక ఆలోచించవచ్చు.