గోపాల్‌పూర్ వెళ్తున్న మేనల్లుడికి

మర్రిపాలెం, విశాఖపట్నం

చిరంజీవి శ్రీనుకి మామయ్య ఆశీస్సులు.

ఒడిశా గోపాల్‌పూర్‌లోని ఆర్మీ ఎయిర్ డిఫెన్స్ ట్రైనింగ్ సెంటర్ నుంచి కాల్ లెటర్ వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసింది. చాలా సంతోషం. నువ్వు మాత్రం ఇన్‌ఫాంట్రీ (పదాతి దళం) రాలేదని మొహం వేలాడేసుకుని తిరుగుతున్నావట. "విమానాలొస్తే ఎయిర్‌ఫోర్స్ చూసుకుంటాది, ఓడలకి నేవీ ఉంది, మధ్యలో మేం చేసేదేటి?" అన్నావట. విశాఖలో పెరిగినోడివి, ఆ అనుమానం రావడంలో వింతలేదు. మనూళ్ళో యూనిఫాం అంటే తెల్లదే కదా!

దేశం మొత్తం ఆకాశానికి జవాబుదారీ ఎయిర్‌ఫోర్సే, అది నిజం. కానీ ట్యాంకులు కదులుతున్నప్పుడు, ఏటి మీద వంతెన వేస్తున్నప్పుడు, చెట్ల ఎత్తులో దూసుకొచ్చే హెలికాప్టర్‌ని ఆపడానికి పక్కనే ఎవరో ఒకరు ఉండాలి. ఆ పని ఆర్మీ ఎయిర్ డిఫెన్స్‌ది.

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు మన హార్బర్ మీద బాంబులు వేసిన సంగతి నీకు తెలుసు. జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకి పరిగెత్తారని మా తాత చెప్పేవాడు. ఆ యుద్ధం నాటికే, 1940లో, మన సైన్యంలో విమానాల్ని కూల్చే దళాలు మొదలయ్యాయి. తర్వాత చాలా ఏళ్ళు అవి ఆర్టిలరీలో, అంటే ఫిరంగి దళంలో, భాగంగానే ఉన్నాయి. నేను చేరినప్పుడూ అంతే. 1989లో గోపాల్‌పూర్‌లో మన స్కూలు పెట్టారు, 1994 జనవరి 10న మన దళం ఆర్టిలరీ నుంచి వేరుపడి సొంత కోర్, అంటే సైన్యంలో విడి విభాగం, అయింది. వేరుపడ్డా జవాన్ని ఇప్పటికీ గన్నర్ అనే అంటారు. మన నినాదం "ఆకాశే శత్రూన్ జహి", అంటే ఆకాశంలో శత్రువుల్ని సంహరించు అని. ఇది ముందే నోటికి పట్టించుకో, ట్రైనింగ్ ఇచ్చే ఉస్తాద్‌లు అడుగుతారు.

ఒక గన్ను చుట్టూ ఉండే జట్టుని డిటాచ్‌మెంట్ అంటారు, దాని పెద్ద నంబర్ వన్. కొన్ని డిటాచ్‌మెంట్లు కలిస్తే ట్రూప్, ట్రూపులు కలిస్తే బ్యాటరీ, బ్యాటరీలు కలిస్తే కల్నల్ చేతికింద రెజిమెంట్. రెజిమెంట్ స్వభావం దాని ఆయుధాన్ని బట్టి ఉంటుంది. ట్యాంకుల వెంట నడిచే షిల్కా గన్ను బండ్ల వాళ్ళ బతుకు వేరు, ఆకాశ్ క్షిపణుల వాళ్ళది వేరు. నీకు ఏది వచ్చినా ఎల్-70 గురించి మాత్రం తెలుసుకో. 40 మిల్లీమీటర్ల గన్ను, గొట్టం పొడవు దానికి 70 రెట్లు, అందుకే ఆ పేరు. నాలుగేసి గుండ్ల క్లిప్పులు చేత్తో పెడుతూనే ఉండాలి. నిమిషానికి దాదాపు 300 గుండ్లు పోతాయి. భుజాలు పట్టేస్తాయి, ఇప్పట్నించే పులప్‌లు పెంచు. పాతబడిపోయిందని అందరూ వెక్కిరించిన ఈ గన్నే 2025 మేలో ఆపరేషన్ సిందూర్ రాత్రుల్లో డ్రోన్ల మీద పనికొచ్చింది. రాడార్లన్నీ చూపించే బొమ్మని కలిపి ఒక్కచోట పెట్టే ఆకాశ్‌తీర్ వ్యవస్థ కూడా అప్పుడే పదిమంది నోళ్ళలో పడింది.

ఇక అసలు సంగతి. కాల్చడం నేర్పడానికి ఉస్తాద్‌లున్నారు, దాని బెంగ నీకొద్దు. కష్టమైంది కాల్చకుండా ఉండటం. నీ నెత్తిమీద శత్రువుతోపాటు మనవాళ్ళూ ఎగురుతుంటారు. అందుకే మూడు రకాల ఆర్డర్లు: "ఫ్రీ" అంటే మనవాళ్ళని తేలనిదాని మీద కాల్చొచ్చు, "టైట్" అంటే శత్రువని తేలినదాని మీదే, "హోల్డ్" అంటే నీ మీదికొస్తే తప్ప, లేదా ప్రత్యేకంగా ఆర్డరొస్తే తప్ప ముట్టుకోకూడదు. ఈ మూడూ తారుమారు కాకూడదు. 2019 ఫిబ్రవరి 27న బుద్గామ్ దగ్గర ఎయిర్‌ఫోర్స్ క్షిపణే ఎయిర్‌ఫోర్స్ హెలికాప్టర్‌ని కూల్చింది. లోపలున్న ఆరుగురూ, కింద ఒక పౌరుడూ పోయారు. తప్పు తమదేనని తర్వాత ఎయిర్‌ఫోర్స్ అధిపతే ఒప్పుకున్నారు. ఆ సంగతి నువ్వు మర్చిపోకూడదు.

కాబట్టి వెళ్ళేలోపు కళ్ళకి పని చెప్పు. సాయంత్రాలు ఎన్ఏడీ కొత్తరోడ్డు వైపు వెళ్ళి నేవీ విమాన స్థావరం ఐఎన్ఎస్ డేగాలో దిగే విమానాల్ని చూడు. ముందు రెక్కలు, తర్వాత ఇంజన్లు, తర్వాత మధ్య శరీరం, ఆఖర్న తోక, ఇదే వరసలో. రెక్కలు మీదుండి రెండు ప్రొపెల్లర్లు తిరుగుతుంటే డోర్నియర్. రెక్కలు కిందుండి ఒకటే జెట్ ఇంజనైతే హాక్. పేరు చెప్పేయాలని తొందరపడకు; గుర్తులు చెప్పి ఆ తర్వాతే పేరు చెప్పు. ఫోన్ మాత్రం జేబులోంచి తీయకు. బేస్ దగ్గర ఫోటోలు తీసి పట్టుబడ్డావంటే గోపాల్‌పూర్ సంగతి దేవుడెరుగు, పోలీస్ స్టేషన్‌కి నేను రావాల్సొస్తుంది.

బరంపురం స్టేషన్లో దిగితే అక్కడ తెలుగు చెల్లుతుంది, అది చూసి మురిసిపోకు. సెంటర్లో అంతా హిందీయే. గన్ను మీద ఆర్డర్ వినపడ్డాక మనసులో తర్జుమా చేసుకుంటూ కూర్చునే టైముండదు. మన వీధి చివర రిటైర్డ్ సుబేదార్ గారున్నారు, ఆయనతో మాట్లాడాను. రేపట్నుంచి రోజూ పొద్దున్నే వెళ్ళి గంటసేపు హిందీలోనే మాట్లాడు.

మీ మామయ్య