‘మీకేమైనా అయితే దీన్నెవరు చూస్తారు?’ అని అడిగారు

ప్రశ్న: నా వయసు 64. విశాఖపట్నంలో హైస్కూలు టీచరుగా చేసి రిటైరయ్యాను. మావారు పోయి రెండేళ్ళయింది. సొంత ఫ్లాటు, రెండో అంతస్తు. అబ్బాయి డాలస్‌లో, అమ్మాయి బెంగళూరులో ఉంటారు. వీధికుక్కల్ని చేరదీసే ఓ సంస్థ పెట్టిన నాలుగు నెలల కుక్కపిల్ల ఫొటో చూసి తెచ్చుకోవాలనుకున్నాను. ఫారం నింపాను, ఆధార్ ఇచ్చాను, ఇల్లంతా వీడియో తీసి పంపాను. ఫోన్ చేసిన అమ్మాయి ‘అమెరికా వెళ్తే కుక్కనెక్కడ ఉంచుతారు? మీకేమైనా అయితే దీన్నెవరు చూస్తారు?’ అని వరసగా అడిగి, చివరికి ‘సారీ ఆంటీ, అరవై దాటినవాళ్ళకు పిల్లల్ని ఇవ్వం’ అనేసింది. అబ్బాయికి చెబితే ‘ఈ వయసులో నీకెందుకమ్మా ఈ తలనొప్పి? వచ్చే ఏడాది పురుటికి ఎలాగూ ఇక్కడికి రావాలి కదా’ అన్నాడు. అపార్ట్‌మెంట్ సెక్రటరీ కుక్కలకు పర్మిషన్ లేదంటున్నారు. పక్కింటావిడేమో ఎనిమిది వేలకు పామరేనియన్ పిల్లను ఇప్పిస్తానంటోంది. రెండు వారాలుగా సరిగా నిద్ర పట్టడం లేదు. ఒక కుక్కను పెంచుకోవడానికి కూడా పనికిరాకుండా పోయానా?
– ఒక టీచరు, విశాఖపట్నం

జవాబు: టీచరుగారూ, పనికిరాకపోవడమేమిటి! పొద్దస్తమానం ఇంటిపట్టున ఉంటారు, వేళకు తిండి పెట్టగలరు, పెన్షన్ వస్తుంది, ఇల్లు సొంతం. తొమ్మిదింటికి తాళం వేసి రాత్రి ఎనిమిదికి తలుపు తీసే కుర్రజంట కన్నా కుక్కకు మీ ఇల్లే నయం. అరవై దాటారన్న ఒక్క కారణంతో కాదనడం అన్యాయమనే నేనంటాను. పుట్టినతేదీ చూసి తలుపేసుకుంటే నష్టపోయేది ఆ కుక్కలే. ఆ అమ్మాయి అడిగిన తీరూ నాకు నచ్చలేదు. చావు ప్రస్తావన తేవాల్సి వచ్చినప్పుడు కాస్త నెమ్మదిగా, మనిషి మనసెరిగి అడగాలి. భర్త పోయి రెండేళ్ళే అయిన మనిషిని మరీనూ.

అయినా ఆ ప్రశ్న అడగక తప్పనిదే. కుక్క మామూలుగా 12 నుంచి 15 ఏళ్ళు బతుకుతుంది. ఈరోజు తెచ్చుకున్న పిల్లకు ముసలితనం వచ్చేసరికి మీకు 78 నిండుతాయి. మీరు చల్లగా ఉండాలనే కోరుకుంటాను. కానీ ఈలోగా మోకాలి ఆపరేషనో, ఆస్పత్రిలో పడకో, అమ్మాయి దగ్గరికి మకాం మార్చడమో, ఏదో ఒకటి రాకుండా ఉండదు. అప్పుడు దాని గతేమిటి? సంస్థలవాళ్ళకు ఇలాంటివి అనుభవమే. 2020 లాక్‌డౌన్‌లో ముచ్చటపడి కుక్కల్ని తెచ్చుకున్నవాళ్ళలో కొందరు ఆఫీసులు తెరవగానే వాటిని వదిలించుకున్నారు. ఉచితంగా వస్తోందని జాతికుక్కను తీసుకెళ్ళి పిల్లలు పెట్టించి అమ్ముకునేవాళ్ళూ ఉన్నారు. చట్టం ఏమైనా ఆపుతుందా అంటే, పెంపుడు జంతువును తిండీనీళ్ళూ దొరక్క మాడేలా వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద నేరమే. మొదటిసారికి జరిమానా ఎంతనుకున్నారు? 10 నుంచి 50 రూపాయలు. ఆ యాభైకి ఎవరు భయపడతారు? ఒకసారి చెయ్యి దాటిపోయాక ఏమీ చేయలేమని తెలుసు కాబట్టే ఇచ్చేముందే అంతలా ఆరా తీస్తారు.

అదలా ఉంచండి. ముక్కూమొహం తెలియని పిల్ల అన్న మాటకు ఎవరైనా రెండు రోజులు బాధపడతారు. రెండు వారాలపాటు మీకు నిద్ర లేకుండా చేసింది అబ్బాయి మాటేనేమో అనిపిస్తోంది నాకు. అతను చెడ్డవాడని అనను. అంత దూరాన ఉండి, అమ్మ ఫోన్ ఎత్తకపోతే కంగారుపడే కొడుకే అయ్యుంటాడు. కానీ ఒకే వాక్యంలో మీ తరఫున రెండు నిర్ణయాలు తీసేసుకున్నాడు. కుక్క వద్దన్నది ఒకటి, మీరు డాలస్ వస్తున్నారన్నది రెండోది. వెళ్ళడం మీకు ఇష్టమో కాదో మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. ముందు అది తేల్చుకోండి. మనవడినో మనవరాలినో ఎత్తుకోవాలని ప్రాణం లాగుతుంటే హాయిగా వెళ్ళిరండి. ఎన్నాళ్ళుండేదీ మాత్రం మీరే చెప్పండి. ఆరు నెలలు ఉండనిస్తారు కదా అని ఆరు నెలలూ ఉండక్కర్లేదు. వియ్యపురాలితో మాట్లాడుకుని చెరి మూడు నెలలూ పంచుకోవచ్చు, చాలా ఇళ్ళలో ఇప్పుడు చేస్తున్నది అదే.

కుక్కను వెంటబెట్టుకుని వెళ్దామనే ఆలోచన వస్తే మానుకోండి. 2024 ఆగస్టు నుంచి అమెరికా నిబంధనలు బిగించింది. రేబీస్ ముప్పు ఎక్కువున్న దేశాల జాబితాలో మనమూ ఉన్నాం. మైక్రోచిప్పు, టీకా కాగితాలు, రక్తపరీక్ష, అది లేకపోతే అక్కడ దిగాక క్వారంటైన్. పురుటి ప్రయాణానికి అంత తతంగం అక్కర్లేదు.

కాబట్టి తిరిగొచ్చేదాకా కుక్కను తెచ్చుకోవద్దని నా సలహా. కొత్త ఇంట్లో కుక్క బెదురు తగ్గడానికి మూడు రోజులు, ఇంటి పద్ధతులు తెలియడానికి మూడు వారాలు, ఇది నా ఇల్లే అని నమ్మడానికి మూడు నెలలు పడుతుందని వీటిని పెంచేవాళ్ళు లెక్క చెబుతారు. సరిగ్గా అది నమ్మే వేళకు మీరు సూట్‌కేసు సర్దుకుంటే దానికీ నరకం, మీకూ నరకం. ఈలోపు ఫోస్టరింగు చేయండి. ఆపరేషన్ అయిన కుక్కకు కుట్లు మానేదాకానో, పెంచుకునేవాళ్ళు దొరికేదాకానో ఇంట్లో చోటివ్వడమన్నమాట. తిండి, మందుల ఖర్చు చాలాచోట్ల సంస్థే పెట్టుకుంటుంది. ఇంట్లో మళ్ళీ ఒక ప్రాణి తిరుగుతుంటే ఎలా ఉంటుందో మీకు తెలుస్తుంది. మీరెలాంటి మనిషో వాళ్ళకూ తెలుస్తుంది.

ఇక పిల్ల సంగతి. దాని ఫొటో మీ మనసులో పడిపోయిందని తెలిసే చెబుతున్నాను, పిల్ల వద్దు, ఐదారేళ్ళ కుక్కను అడగండి. నాలుగు నెలలంటే పళ్ళు మారే వయసు. చీర కుచ్చిళ్ళు పట్టి లాగుతుంది, చెప్పులు, కుర్చీ కాళ్ళు ఏవీ వదలదు, రోజుకు ఐదారుసార్లు కిందికి దించాలి. మెట్ల మీద బెల్టు మీ చేతికి చుట్టుకుని ఉండగా అది పిల్లిని చూసి ఒక్క ఉరుకు ఉరికితే, మన వయసులో విరిగేది తుంటి ఎముక. పెద్ద కుక్క స్వభావం అప్పటికే తెలిసి ఉంటుంది, ఆపరేషనూ టీకాలూ అయిపోయి ఉంటాయి, సగం రోజు పడుకునే ఉంటుంది. అందరూ పిల్లల్నే ముద్దు చేస్తారు కాబట్టి ఈ పెద్దవి షెల్టర్లలోనే ఏళ్ళు వెళ్ళదీస్తాయి. అరవై దాటినవాళ్ళకు పిల్లల్ని ‘ఇవ్వం’ అన్నవాళ్ళు పెద్దదాన్ని ఇవ్వడానికి ఒప్పుకునే అవకాశం చాలా ఉంది.

ఆ రోజు మీ దగ్గర లేని జవాబు కూడా ఇప్పుడే సిద్ధం చేసుకోండి. బ్యాంకు ఖాతాకు నామినీ పేరు రాస్తాం కదా, దీనికీ ఒక పేరు కావాలి. అమ్మాయి బెంగళూరులో ఉంది కాబట్టి ముందు ఆమెనే అడగండి. అడిగేటప్పుడు నసగొద్దు. ‘నేను కుక్కను తెచ్చుకుంటున్నానే. నాకు ఒంట్లో బాగాలేకపోతే దాన్ని నువ్వు తీసుకెళ్తావా? లేదంటే చెప్పు, ఏమీ అనుకోను, ఇంకొకరిని చూసుకుంటాను’ అనండి. రైల్లో ఫస్ట్ ఏసీ కూపే మొత్తం బుక్ చేసుకుంటే కుక్కను వెంట తీసుకెళ్ళనిస్తారు కూడా. ఆమె కుదరదంటే చుట్టాలో, మీ దగ్గర చదువుకుని అదే ఊళ్ళో స్థిరపడిన శిష్యులో ఉంటారు. అబ్బాయికి కూడా చెప్పండి, కానీ పేరు ఖాయమయ్యాకే చెప్పండి. అప్పుడు ‘ఎందుకమ్మా’ అన్నా మీ గొంతు తడబడదు.

సెక్రటరీగారి మాటకు బెదరొద్దు. భారత జంతు సంక్షేమ మండలి 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, మెజారిటీ తీర్మానం చేసినా సరే, అసోసియేషన్ పెంపుడు కుక్కల్ని నిషేధించడానికి వీల్లేదు. ఆ కాగితం ప్రింటు తీసి మర్యాదగా చేతికివ్వండి. కుక్క వచ్చాక కార్పొరేషన్‌లో రిజిస్టర్ చేయించి, ఏటా రేబీస్ టీకా వేయించి, అది కింద పాడు చేసింది మీరే ఎత్తేస్తే ఆయనకు అనడానికేమీ మిగలదు.

పామరేనియన్ మాత్రం వద్దు. కుక్కపిల్లల్ని అమ్మేవాళ్ళు రిజిస్టరు చేయించుకోవాలనీ, ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదనీ 2017 నుంచి నియమాలున్నాయి. మీ పక్కింటావిడ చెప్పిన మనిషి అవి పాటిస్తాడో లేదో గానీ, మీకేమైనా అయితే దాన్నెవరు చూస్తారని మాత్రం అడగడు. అడగనంత మాత్రాన ఆ అవసరం తీరిపోదు. పైగా కోపంలో కొన్న కుక్క, ఆ కోపం చల్లారాక కూడా పదమూడేళ్ళో పద్నాలుగేళ్ళో మీతోనే ఉంటుంది.

పేరు ఖాయమయ్యాక, ప్రయాణం తేదీలు తెలిశాక ఆ సంస్థకే మళ్ళీ ఫోన్ చేయండి. ముందు ఫోస్టరింగు అడగండి, తిరిగొచ్చాక పెద్ద కుక్క కావాలని చెప్పండి, అమ్మాయి నంబరు ఇచ్చి మాట్లాడుకోమనండి. అప్పుడూ వయసే అడ్డమంటే ఇంకో సంస్థను అడగండి. ఈ నియమాలు ఎవరికివారు పెట్టుకున్నవే, ఒకరు కాదన్నది ఇంకొకరు ఔననవచ్చు.