నేరస్థుడు దొరకకపోయినా బాధితుడికి పరిహారం అందుతుందా?

దాడి చేసినవాడు పట్టుబడకపోతే ప్రభుత్వం పరిహారం ఇస్తుందా, ఇతర దేశాల్లో పద్ధతి ఎలా ఉంటుందని అడిగారు. ఇస్తుంది. మా తమ్ముడి కోసం ఆ కాగితాల వెంట తిరిగినవాడిని కనుక చెబుతున్నాను.

బెంగళూరు మారతహళ్లిలో రాత్రి షిఫ్టు ముగించుకుని గదికి నడిచి వస్తున్న వాణ్ణి బైకు మీద వచ్చిన ఇద్దరు ఫోను కోసం అడ్డగించి, కుడి ముంజేతిని కత్తితో కోసి పారిపోయారు. కొన్ని నెలల తర్వాత పోలీసులు దుండగుల ఆచూకీ దొరకలేదంటూ కేసు ముగించే ‘సి’ రిపోర్టు వేయడంతో మేము ఆశ వదులుకున్నాం. ఆ రిపోర్టు కన్నడంలో ఉంది. అక్షరాలు కూడబలుక్కుంటే వచ్చేవి గాని అర్థం తెలిసేది కాదు. చదివి చెప్పమని పక్కింటి లాయరుగారి దగ్గరికి వెళితే, పరిహారం అడగవచ్చన్న మాట మొదటిసారి ఆయన నోటనే విన్నాం. అంతవరకు స్టేషన్‌లో గాని ఆసుపత్రిలో గాని ఎవరూ చెప్పలేదు.

2008 సవరణతో సీఆర్‌పీసీలో (పాత నేర విచారణ చట్టంలో) చేరిన 357ఎ సెక్షన్, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 396వ సెక్షన్‌గా ఉంది. నేరస్థుడెవరో తేలక కోర్టు విచారణ జరగకపోయినా, బాధితుడు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు అర్జీ పెట్టుకోవచ్చని, ఆ సంస్థ రెండు నెలల్లో విచారించి తేల్చాలని అందులోనే ఉంది. మాకు ఎనిమిది నెలలు పట్టింది. ఇంజనీరింగ్ చదివిన తమ్ముడు కలం పట్టుకోలేక ఆ అర్జీ మీద ఎడమచేతి వేలిముద్ర వేయడం నేనింకా మరిచిపోలేదు.

ఇలాంటి చట్టం మొదట 1963లో న్యూజిలాండ్ చేసింది. బ్రిటన్ 1964లో మొదలుపెట్టింది. అక్కడ ఏ గాయానికి ఎంత అన్నది ముందే పట్టికలో రాసి ఉంటుంది, గరిష్ఠ పరిమితి 5 లక్షల పౌండ్లు, ఎవరికీ శిక్ష పడకపోయినా అడగవచ్చు, అయితే సాధారణంగా రెండేళ్లలోపు అడగాలి. అమెరికాలో 1984 చట్టం కింద ఏర్పడిన నిధికి ప్రధానంగా ఫెడరల్ నేరాల్లో దోషులు కట్టే జరిమానాలే ఆధారం, కాబట్టి అవి తగ్గిన ఏడాది రాష్ట్రాలకు వెళ్లే సొమ్మూ తగ్గే ప్రమాదం ఉంటుంది. నాకు అన్నిటికంటే నచ్చింది ఫ్రాన్స్ ఏర్పాటు: ఇంటికో వాహనానికో బీమా చేయించుకున్న ప్రతివారి దగ్గరా ఒప్పందానికి కొద్ది యూరోల చొప్పున వసూలు చేసి ఆ నిధి నింపుతారు. ఎవరికైనా జరగగల కష్టానికి అందరూ తలా కొంచెం వేసుకోవడమే న్యాయమని నా అభిప్రాయం.

మన దగ్గర మొత్తాలు రాష్ట్రాన్ని బట్టి మారతాయి. మాకు వచ్చింది ఆసుపత్రి ఖర్చులో మూడోవంతు మాత్రమే. ఎఫ్‌ఐఆర్ నకలు, గాయాల ధ్రువపత్రం, డిశ్చార్జి కాగితాలతో పాటు ప్రతి రసీదూ దాచండి. ఫిజియోథెరపీ చీటీలు మేము పారేసుకున్నాం. నాలుగు నెలలపాటు వారానికి మూడుసార్లు చేయించిన ఆ వైద్యం ఖర్చులో ఒక్క రూపాయి కూడా లెక్కలోకి రాలేదు.